అమ్మ ఒక్కతే ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తోంది, సెక్యూరిటీ దగ్గర ఏమవుతుందోనని టెన్షన్

మియాపూర్_లాస్ట్_మెట్రో:
అందరికీ నమస్తే. మా అక్క స్టుట్‌గార్ట్‌లో ఉంటుంది, ఫిబ్రవరి రెండో వారంలో డెలివరీ. అమ్మని జనవరి 24 రాత్రి పంపిద్దామనుకుంటున్నాం. అమ్మకి 61 ఏళ్లు, విమానం ఎక్కడం ఇదే మొదటిసారి, అదీ ఒక్కతే. తెలుగు, కొంచెం హిందీ వచ్చు, అంతే. రెండేళ్ల కింద కుడి మోకాలు మార్పించాం, లోపల లోహం ఉంది. రోజూ ఇన్సులిన్ వేసుకుంటుంది.

అసలు తను వెళ్లనంటోంది. 2025 జూన్‌లో అహ్మదాబాద్‌లో లండన్ విమానం కూలినప్పటి నుంచీ ఆ భయం అలాగే ఉంది. ఆ వారంలోనే ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మన హైదరాబాద్ రావాల్సిన విమానం బాంబు బెదిరింపుతో మధ్యలోనే వెనక్కి తిరిగింది కదా, అది కూడా టీవీలో చూసింది. నా టెన్షన్ వేరు. మోకాలి వల్ల మెషిన్ మోగితే ఏం చేస్తారు, ఇన్సులిన్ లాక్కుంటారా, ఈ గొడవల్లో డైరెక్ట్ మంచిదా గల్ఫ్ మీదుగా మంచిదా (గల్ఫ్ టికెట్ 18 వేలు తక్కువ). తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

రెండుసార్లు_అమ్మమ్మ:
బాబూ, నాదీ మార్చిన మోకాలే, రెండూ. నేను రెండు కాన్పులకి వెళ్లొచ్చాను కాబట్టి చెబుతున్నా, అమ్మకి ఈ పోస్టు చదివి వినిపించు. శంషాబాద్‌లో ఆడవాళ్లకి వేరే లైను, తెర కట్టిన చిన్న గది. తలుపు లాంటి దాంట్లోంచి దాటగానే కుయ్యిమంటుంది, మోగనీ. సీఐఎస్ఎఫ్ అమ్మాయి చేతి మెషిన్ మోకాలి దగ్గర పెట్టి "ఆపరేషన్?" అని హిందీలో అడిగింది, నేను చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని కుట్ల గీత చూపించా, అయిపోయింది. నన్ను ఎక్కువ ఆపింది మోకాలు కాదయ్యా, చీరకి పెట్టుకున్న పిన్నీసులు! భుజం మీద రెండు, కుచ్చిళ్లకి ఒకటి, పుస్తెలతాడుకి వేలాడదీసినవి ఇంకో నాలుగు. అన్నీ ఇంట్లోనే తీసి వెళ్లమను, ఆ రోజుకి పంజాబీ డ్రెస్ అయితే ఇంకా హాయి. చేతికి పట్టేసి రాని బంగారు గాజులుంటే కంగారు పడొద్దు, వాటిని చేత్తో తడిమి చూసి వదిలేస్తారు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారితే మళ్లీ చెకింగ్ ఉంటుంది. అక్కడ గాజు గదిలో చేతులు పైకెత్తి నిలబడాలి, తెర మీద మనిషి బొమ్మ వచ్చి మోకాలి దగ్గర పసుపు గడి పడుతుంది, అక్కడే తడుముతారు. మీ అమ్మ అక్కడే దిగిపోతుందంటే ఆ బాధ లేదు.

ఈసీఐఎల్_రూట్:
ఇన్సులిన్ గురించి. చెక్‌ఇన్ పెట్టెలో అస్సలు పెట్టొద్దు, కింద చలికి గడ్డకడితే ఆ మందు పనికిరాదు. చేతి బ్యాగ్‌లోనే ఉండాలి. చేతి బ్యాగ్‌లో ద్రవాలు 100 మి.లీ. మించకూడదనే నియమం మందులకి వర్తించదు, కానీ డాక్టర్ చీటీ ఇంగ్లీష్‌లో ఉండాలి, అందులో సూదుల మాట కూడా రాయించు. పెన్నులు మెడికల్ షాపు ఇచ్చిన డబ్బాలోనే ఉంచు, లేబుల్ కనిపించాలి. మా నాన్నగారివి సర్దుబాటు కోసమని ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలోకి మార్చాం, వేరే ఊరి ఎయిర్‌పోర్ట్‌లో అరగంట నిలబెట్టారు.

ఈ 100 మి.లీ. గొడవంతా 2006 ఆగస్టులో లండన్‌లో పట్టుబడ్డ కుట్ర వల్ల వచ్చింది, కూల్‌డ్రింక్ సీసాల్లో ద్రవ పేలుడు పదార్థాలు విమానాల్లోకి ఎక్కించాలనుకున్నారు. ఇప్పుడు యూరప్‌లో కొన్ని ఎయిర్‌పోర్టుల్లో కొత్త స్కానర్లు వచ్చి సడలిస్తున్నారు, కానీ మనం పాత లెక్కలోనే సర్దుకుంటే ఎక్కడా ఇబ్బంది ఉండదు.

షిఫ్ట్_ముగిసింది:
బ్రో, 18 వేలకి చూసుకోకు, డైరెక్టే తీసుకో. 2025 జూన్ 23 సాయంత్రం ఖతార్ తన గగనతలం మూసేసింది, అక్కడున్న అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసిన రోజు. మూసింది కొన్ని గంటలే కానీ విమానాలన్నీ చెల్లాచెదురయ్యాయి. మా టీమ్‌లో ఒకతను ఆ రాత్రి వేరే దేశంలో దిగి, మర్నాడు మధ్యాహ్నం దాకా నేల మీద బ్యాగ్ తలకింద పెట్టుకుని పడుకున్నాడు. వాడికి 29 ఏళ్లు, ఇంగ్లీష్ వచ్చు. మీ అమ్మగారు అయితే?

డైరెక్ట్ అయినా నేరుగా గీత గీసినట్టు పోదు, ఉక్రెయిన్ పైన 2022 ఫిబ్రవరి 24 నుంచి ప్రయాణికుల విమానాలేవీ ఎగరడం లేదు, యూరోపియన్ యూనియన్ కంపెనీల విమానాలు రష్యా మీదకి వెళ్లవు. మార్గం మారినా తెల్లారేసరికి ఒకే విమానంలోంచి దిగుతుంది, అది ముఖ్యం. ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. యూరప్ కంపెనీ విమానంలో ఇక్కడి నుంచి వెళ్తే విమానం రద్దయినా బాగా లేటైనా ప్రయాణికుల్ని చూసుకోవాలనే వాళ్ల 261 నిబంధన వర్తిస్తుంది. యుద్ధం, బెదిరింపు లాంటివాటికి నష్టపరిహారం డబ్బు రాకపోయినా తిండి, హోటల్ వాళ్లే చూడాలి. గల్ఫ్ కంపెనీలో హైదరాబాద్ నుంచి వెళ్లేటప్పుడు ఆ నిబంధన ఉండదు.

ఉప్పల్_ఛార్జర్:
నేను డైరెక్ట్ అనే మాటకి పూర్తిగా ఒప్పుకోను అన్నా. మా అత్తగారు గల్ఫ్ మీదుగా మూడుసార్లు వెళ్లారు, వీల్‌చైర్ పెట్టిస్తే గేటు దాకా వాళ్లే తోసుకెళ్తారు, ఎక్కడానికి కనీసం 48 గంటల ముందే చెప్పాలి. కాకపోతే ఒక్క జాగ్రత్త, వీల్‌చైర్‌లో ఉన్నప్పుడు బ్యాగ్ ఒక వైపు ఎక్స్‌రేలోకి పోతుంది, మనిషిని ఇంకో వైపు తీసుకెళ్తారు. పాస్‌పోర్ట్, ఫోన్, డబ్బు మెడలో వేసుకునే చిన్న సంచిలో ఉంచి, చెకింగ్ అప్పుడు దాన్ని ట్రేలో పెట్టి, అటు చేరగానే ముందు అదే తీసుకోమని చెప్పాలి.

పవర్ బ్యాంక్ పెడతావేమో, చెక్‌ఇన్‌లో పెట్టకు, పెడితే పెట్టె ఆపేసి పేరు పిలుస్తారు. 20,000 ఎంఏహెచ్ అంటే దాదాపు 74 వాట్ అవర్స్, పరిమితి 100, కాబట్టి చేతి బ్యాగ్‌లో పర్లేదు. వాడటం మాత్రం అన్ని విమానాల్లో కుదరదు, ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి లోపల వాడొద్దంది. కొరియాలో ఎయిర్ బూసాన్ విమానం నేల మీదే తగలబడ్డాక అందరూ గట్టిగా చూస్తున్నారు.

షిఫ్ట్_ముగిసింది:
వీల్‌చైర్ మాట నిజమే భయ్యా, ఒప్పుకుంటా. కానీ ఆకాశం మూతపడితే వీల్‌చైర్ ఎటు తోస్తారు? :)

రెండుసార్లు_అమ్మమ్మ:
మళ్లీ వచ్చాను బాబూ, అసలు విషయం మర్చిపోయా. మీ అమ్మ జర్మనీ వెళ్తోందని కాలనీలో అందరికీ తెలిసిపోయి ఉంటుంది. ఇక ప్యాకెట్లు మొదలవుతాయి, "మా అబ్బాయికి ఈ చిన్న పొట్లం ఇవ్వండి వదినా" అని. కౌంటర్ దగ్గర "మీ పెట్టె మీరే సర్దుకున్నారా, వేరేవాళ్లు ఏమైనా ఇచ్చారా" అని అడుగుతారు, అది ఊరికే అడగరు. రెండోసారి వెళ్లినప్పుడు ఎవరో ఇచ్చిన నువ్వుల లడ్డూల డబ్బా నేను విప్పి చూస్తే అడుగున నాలుగు స్ట్రిప్పుల నిద్రమాత్రలున్నాయి, చీటీ లేదు ఏమీ లేదు. అవి నా పెట్టెలో దొరికితే నావే అంటారు కదా! ఎవరిచ్చినా వాళ్ల ముందే విప్పించు.

నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి అసలు వద్దు, యూరప్‌లోకి మన దగ్గర నుంచి మాంసం, పాల పదార్థాలు రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. ఆవకాయ, శొంఠి పొడి, కారం అన్నీ చెక్‌ఇన్‌లోనే. ఇంకా లైన్‌లో ఉన్నప్పుడు సరదాకి కూడా ఆ "బాం..." మాట నోట రాకూడదని చెప్పు. మా మరిది సంచిలో ఏముందంటే "గోంగూర బాంబు" అన్నాడు, నలభై నిమిషాలు కూర్చోబెట్టారు.

ఈసీఐఎల్_రూట్:
జనవరి 24 అన్నావు కదా, రిపబ్లిక్ డే ముందు ప్రతిసారీ అలర్ట్ ఉంటుంది, విజిటర్ పాసులు ఆపేస్తారు, విమానం ఎక్కే చోట ఇంకోసారి తనిఖీ చేస్తారు. నాలుగు గంటల ముందే వెళ్లండి. నువ్వు లోపలికి రాలేవు కాబట్టి వీల్‌చైర్ మనిషికి గేటు దగ్గరే అప్పగించాలి. అక్కడ దిగాక ఫొటో తీస్తారని కూడా చెప్పి ఉంచు, 2025 అక్టోబర్‌లో యూరప్‌లో పాస్‌పోర్ట్ మీద ముద్రల బదులు ఆ పద్ధతి విడతలవారీగా మొదలైంది. వేలిముద్రలు వీసాకే ఇచ్చేశారు కాబట్టి కొత్తగా తీసుకునేది ముఖం ఒక్కటే, వేళ్లు సరిచూడటానికి మాత్రం పెట్టమనొచ్చు.

మియాపూర్_లాస్ట్_మెట్రో:
అందరికీ చాలా థ్యాంక్స్. డైరెక్టే బుక్ చేశా, వీల్‌చైర్ కూడా పెట్టించా. అమ్మమ్మగారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించా, పిన్నీసుల దగ్గర నవ్వింది, ఇన్ని రోజుల్లో ఈ ప్రయాణం పేరు చెప్పి నవ్వడం ఇదే మొదటిసారి.

మీరన్నట్టే ఇంట్లో అప్పటికే మూడు ప్యాకెట్లున్నాయి, ఇప్పుడే విప్పా. ఒకదాంట్లో ఎండు కుడకలు ఐదు. రెండోదాంట్లో చిన్నపిల్లల స్వెట్టర్, దాని మడతలో పవర్ బ్యాంక్. మూడోది మా పెద్దమ్మది, పాలిథిన్ కవర్లో తెల్లటి పొడి, రబ్బరు బ్యాండు, పేరు లేదు ఊరు లేదు. ఫోన్ చేసి అడిగితే విభూతి అంట, శ్రీశైలం నుంచి తెచ్చిందంట, అడిగినందుకే కోపం వచ్చింది.

ఉప్పల్_ఛార్జర్:
కుడకలు చెక్‌ఇన్‌లో 2022 నుంచే బంద్ అన్నా, నూనె ఉంటుంది, వేడెక్కి అంటుకుంటాయని. తీసేయ్.

రెండుసార్లు_అమ్మమ్మ:
పేరు లేని తెల్లపొడి వద్దు నాయనా. ప్రయాణం రోజు పొద్దున దాంట్లోంచి చిటికెడు తీసి అమ్మ నుదుట పెట్టి, ఫొటో తీసి పెద్దమ్మకి పంపు. మిగతాది మీ దేవుడి గూట్లో ఉంచుకోండి.