పేరొచ్చిన పిల్లిని జనం నుంచి కాపాడుకునేదెలా?

నమస్కారమండీ. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను, కథలు రాస్తాను. పదేళ్లుగా రాస్తున్నా మా లైన్లో నన్ను గుర్తుపట్టినవాళ్లు లేరు. పోయిన నెల ఓ లోకల్ పేపర్లో మా బుజ్జిది నా రాతకాగితాల మీద పడుకున్న ఫొటో వేశారు. అంతే, ఇప్పుడు నేను ‘ఆ పిల్లి ఉండే ఇంటాయన’ని!

సాయంత్రం ఐదైతే చాలు పిల్లలు, వాళ్ల వెనకే అమ్మలు, సెల్ఫీలు. మొన్న ఒకావిడ గిన్నెడు పాలు తెచ్చారు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవండీ అంటే, "మా ఊళ్లో పిల్లులు తాగట్లేదా?" అన్నారు. ఆ రాత్రంతా విరేచనాలు. తుడిచింది నేనే.

నిన్నటి నుంచి బీరువా మీద పాత సూట్‌కేసు వెనక దూరి కూర్చుంది. పిలిస్తే ఒక చెవి మాత్రం ఇటు తిప్పుతుంది. ఉడికించిన చేప చూపించినా దిగలేదు. పిల్లులు రెండు మూడు రోజులు తిండి మానేస్తే కాలేయానికి ప్రమాదం, అందుకే టెన్షన్. పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను.

బెదిరిన పిల్లిని రక్కించుకోకుండా బుట్టలోకి ఎలా ఎక్కించాలి? వచ్చేవాళ్లు నొచ్చుకోకుండా గుమ్మంలోనే ఆపడానికి ఏం చెప్పాలి? నిద్రపోతోందంటే, లేచేదాకా కూర్చుంటామంటున్నారండీ!