బీఎస్సీ నర్సింగ్ ప్రవేశాలు ఆలస్యమవుతున్నాయి, అంతవరకు ఇంట్లో ఎలా నెట్టుకురావాలి?

ప్రశ్న (బైపీసీ విద్యార్థిని, సూర్యాపేట జిల్లా)

అందరికీ నమస్కారం. ఈ ఏడాది ఇంటర్ పూర్తిచేసి, ఎప్‌సెట్ ర్యాంకుతో బీఎస్సీ నర్సింగ్ కౌన్సెలింగ్ కోసం ఎదురుచూస్తున్నాను. మా నాయనమ్మ పక్షవాతంతో మంచం పట్టినప్పుడు, వీపుకు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలని ఆసుపత్రిలో ఒక నర్సు నాకు దగ్గరుండి నేర్పారు. అప్పటి నుంచి నా మనసు ఈ చదువు మీదే ఉంది. ఎంపీసీ చదివిన నా స్నేహితురాళ్లు ఇంజినీరింగ్ తరగతులకు వెళ్తున్నారు గాని, మాకు కాలేజీలను ఎంచుకునే వెబ్ ఆప్షన్లు కూడా మొదలు కాలేదు. ఇంటికి వచ్చిన ప్రతివారూ సీటు రాలేదా అని అడుగుతుంటే సమాధానం చెప్పలేక బయటికి రావడమే మానేశాను. నాన్న డిగ్రీలోగాని, జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమాలోగాని చేరిపొమ్మంటున్నారు. ఇంతలో ఒక మధ్యవర్తి మేనేజ్‌మెంట్ కోటాలో సీటు ఇప్పిస్తానని, అడ్వాన్సుతో పాటు ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇవ్వమంటున్నాడు. నాకు ఏడాది పోయినట్టేనా? దయచేసి తెలిసినవారు చెప్పండి.

జవాబు 1 (నర్సింగ్ ట్యూటర్, వరంగల్)

ముందుగా ఒక్క మాట, అమ్మా: ఈ ఆలస్యం నీ ర్యాంకు వల్ల వచ్చినది కాదు. ఎప్‌సెట్ ఒకటే అయినా ఇంజినీరింగ్ సీట్లను భర్తీ చేసే యంత్రాంగం వేరు. నర్సింగ్ సీట్లను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం తన నోటిఫికేషన్‌తో, తన కౌన్సెలింగ్‌తో విడిగా భర్తీ చేస్తుంది. ప్రవేశాల చివరి తేదీని భారత నర్సింగ్ మండలి పొడిగించిన సంవత్సరాలు కూడా ఉన్నాయి. కోర్సు ఇప్పుడు 8 సెమిస్టర్లుగా నడుస్తోంది, పరీక్షల తేదీలను విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది. కాబట్టి ఆలస్యమైతే బ్యాచ్ మొత్తానికీ అవుతుంది, నువ్వొక్కదానివే వెనకబడవు.

అయితే ఆలస్యం భారం వేరే చోట పడుతుంది. మొదటి సెమిస్టర్‌లో అనాటమీ, ఫిజియాలజీ, సోషియాలజీ, సైకాలజీ, ఇంగ్లిష్, నర్సింగ్ ఫౌండేషన్ అన్నీ ఒకేసారి మీద పడతాయి, ప్రతి సబ్జెక్టులో 80 శాతం హాజరు తప్పనిసరి. ఆలస్యంగా మొదలైన బ్యాచ్‌లలో పాఠాలు పరుగులు పెడతాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు తెలివితక్కువ వల్ల గాక, హ్యూమరస్, స్కాపులా వంటి ఎముకల పేర్లను విని, రాసి, గుర్తుపెట్టుకునే వేగం లేక ఇబ్బంది పడటం నేను ఏటా చూస్తున్నాను. ఇంటర్ జువాలజీ పుస్తకంలోని మానవ శరీర పాఠాలను తీసి, బొమ్మ చూడకుండా గీసి, పేర్లను ఇంగ్లిష్‌లో తప్పుల్లేకుండా రాయడం ఇప్పుడే అలవాటు చేసుకో.

ఇక ఆ మధ్యవర్తికి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వవద్దు. కౌన్సెలింగ్ ద్వారా కన్వీనర్ కోటాలో సీటు వచ్చిన రోజున అవి నీ చేతిలో లేకపోతే చేరలేవు. అతను చెప్పే కళాశాలకు భారత నర్సింగ్ మండలి గుర్తింపు, విశ్వవిద్యాలయ అనుబంధం ఉన్నాయో లేదో ఆ సంస్థల వెబ్‌సైట్లలోనే చూసుకోవాలి. డిగ్రీలో చేరాలనుకున్నా, మానేస్తే టీసీ, మెమోలు ఎప్పుడు తిరిగిస్తారో ముందే రాతపూర్వకంగా అడగండి.

జవాబు 2 (కూతురిని నర్సింగ్ చదివిస్తున్న తండ్రి, కోదాడ)

తల్లీ, నీ తండ్రి కంగారు నాకు అర్థమవుతుంది. ఆడపిల్ల చదువు మధ్యలో ఆగితే మళ్లీ మొదలవదేమోననే భయం మా ఊళ్లలో లేని ఇల్లు లేదు, ఆ భయం వెంటే పెళ్లి మాటలూ వస్తాయి. ఆయనతో లెక్క వేసి మాట్లాడు. జీఎన్‌ఎం 3 ఏళ్లు. ఆ తర్వాత బీఎస్సీ కావాలంటే పోస్ట్ బేసిక్ కోర్సు మరో 2 ఏళ్లు, మొత్తం 5. నేరుగా బీఎస్సీ అయితే 4 ఏళ్లే. జీఎన్‌ఎం తక్కువ చదువని నేను అనను, ఆ చదువుతో మంచి ఉద్యోగాలు చేస్తున్నవారు ఎందరో ఉన్నారు. కానీ బీఎస్సీ కావాలనుకునే పిల్ల కొన్ని నెలలు ఆగలేక అందులో చేరడం మాత్రం నాకు సరిగా తోచదు. ఖాళీగా ఉన్నావనే మాట పడకుండా, స్థానికత కోసం 6వ తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, మీసేవలో కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఇప్పుడే తీసుకొని, అన్నింటిలో పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో పదో తరగతి మెమోతో సరిచూసుకో. కౌన్సెలింగ్ సమయంలో అక్షరం తేడా ఉన్నా తిరుగుడు తప్పదు.

జవాబు 3 (నర్సింగ్ ఆఫీసర్, ప్రభుత్వ ఆసుపత్రి, ఖమ్మం)

చెల్లీ, పైవారు చెప్పినవన్నీ నిజమే. నేను ఇంట్లోనే చేయదగిన పని ఒకటి చెబుతాను. రోజూ ఇంట్లో ఒకరి నాడి చూడు. బొటనవేలికి దాని సొంత నాడి ఉంటుంది కనుక దానిని వాడకుండా, చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ల కొసలను మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఆనించి, సెకన్ల ముల్లు ఉన్న గడియారంతో నిండు నిమిషం లెక్కించు. పెద్దవారిలో 60 నుంచి 100 మధ్య ఉండాలి. తర్వాత చేయి తీయకుండా, ఇంకా నాడే చూస్తున్నట్టు ఉండి ఛాతీ కదలికను బట్టి శ్వాస లెక్కపెట్టు. లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి ఊపిరి తీసే తీరు మారిపోతుంది. విశ్రాంతిలో 12 నుంచి 20 ఉంటుంది. తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకో. వార్డులో మాకు మొదట అప్పగించే పనుల్లో ఇదొకటి.

చుట్టాలు అడిగితే, కౌన్సెలింగ్ ఇంకా మొదలు కాలేదని ఉన్నది ఉన్నట్టు చెప్పు, తలుపు వేసుకొని కూర్చోకు. నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం వారాల తరబడి సాగితే మాత్రం డాక్టరుకు చూపించుకో. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు

మేడమ్‌గారికీ, అంకుల్‌గారికీ, అక్కకూ కృతజ్ఞతలు. జీఎన్‌ఎం లెక్క విని నాన్న కౌన్సెలింగ్ అయ్యేదాకా ఆగుదామన్నారు, మధ్యవర్తికి వద్దని చెప్పేశారు. చేరకముందు టీకాలేమైనా వేయించుకోవాలా, అక్కా?

జవాబు 3 (కొనసాగింపు)

హెపటైటిస్ బి ముఖ్యం, ఎందుకంటే వాడిన సూది గుచ్చుకుంటే ఆ వైరస్ సోకవచ్చు. చిన్నప్పుడు వేయించారో లేదో టీకా కార్డు చూసి డాక్టరుకు చూపించు. వేయించకపోతే మొదటి డోసు తర్వాత నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది పడాలి. అందుకే ఇప్పుడే మొదలుపెడితే మంచిది. వేసిన ప్రతిసారీ కార్డులో తేదీ రాయించుకో.