లా జోంక్సియోన్: చివరిదాకా ఎక్కాలా, సగంలో ఆగిపోవాలా?

కొండగాలి
ఈ వేసవిలో ఫ్రాన్స్‌లోని షామొనీ వెళ్తున్నాం. మాంట్ బ్లాంక్ నుంచి దిగే బోసోన్, టకోనా హిమానీనదాల మధ్య ఒక నిటారు గుట్ట ఉంది. దాని చివర లా జోంక్సియోన్ అనే చోటు, ఎత్తు 2589 మీటర్లు. ల మోం ఊరి నుంచి బయలుదేరితే ఎక్కుడే సుమారు 1400 మీటర్లు. నడుమ 1895 మీటర్ల దగ్గర షాలే దె పిరమిడ్ అనే విడిది ఉంది. మంచు అక్కడికే బాగా కనిపిస్తుందని, ఆ పైకి వెళ్లడం ఒళ్లు హూనం చేసుకోవడమేనని మా బృందంలో సగం మంది వాదిస్తున్నారు. మీరేమంటారు?

రాతిమెట్లు
విడిది దగ్గర ఆగిపోయేటట్లయితే ఆ దారి పట్టడమే అనవసరం. అక్కడ కనిపించేది పక్కనున్న బోసోన్. పైకి వెళ్తేనే ఎదురుగా శిఖరం నుంచి దిగుతున్న మంచు రాతి గుట్టను ఢీకొని రెండు పాయలుగా చీలడం కనిపిస్తుంది. ఎడమ పాయ బోసోన్, కుడి పాయ టకోనా. ఇంకోమాట. మాంట్ బ్లాంక్‌ను మొదటిసారి ఎక్కిన బాల్మా, పకార్ 1786 ఆగస్టు 7 రాత్రి తలదాచుకున్నది ఈ గుట్ట పైభాగంలోనే. మర్నాడు సాయంత్రానికి శిఖరం మీద ఉన్నారు. వాళ్లు పడుకున్న బండ ఇప్పటికీ బాల్మా పేరుతోనే ఉంది.

నెమ్మదినడక
చరిత్ర మోకాళ్లను మోయదండీ. ఎక్కిన దారినే దిగాలి, అదీ అలసిన కాళ్లతో. విడిది దాటాక కాలిబాట బండల మధ్య కలిసిపోతుంది, కొన్నిచోట్ల చేతులూ వాడాల్సి వస్తుంది. ఒకప్పుడు మంచు ఒరుసుకుపోయిన నున్నటి రాతిపలకల మీద సన్నటి ఇసుక పరుచుకుని ఉంటుంది. ఎక్కేటప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. దిగేటప్పుడు మడమ జర్రున జారితే అప్పుడు తెలుస్తుంది. పైన నీళ్లు దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. మధ్యాహ్నం ఉరుములు మొదలైతే ఆ గుట్ట మీద దాక్కునే చోటే తక్కువ.

చలిమంట
నాకు వేరే కారణం ఉంది. 1966 జనవరి 24న హోమీ భాభాతో సహా 117 మందిని బలిగొన్న ఎయిర్ ఇండియా విమానం కూలింది ఆ పర్వతం మీదే. 1950 నవంబరులో అదే సంస్థ విమానం మలబార్ ప్రిన్సెస్ కూలిందీ అక్కడే. వాటి శకలాలు బోసోన్ మంచులోంచి ఇప్పటికీ బయటపడుతున్నాయట. జోంక్సియోన్ దగ్గర మంచు మీదికి పది అడుగులు వేసి వెతకవచ్చా?

రాతిమెట్లు
ఒక్క అడుగు కూడా వేయవద్దు. తాడు, గైడు లేకుండా అక్కడ నడక రాతి మీదే ఆగిపోవాలి. కింది పగుళ్లను పైమంచు కప్పేసి ఉంటుంది. 1820లో శిఖరానికి వెళ్తున్న బృందాన్ని మంచు పెళ్లలు ఊడ్చుకుపోతే, ముగ్గురు గైడ్లు పగుల్లో పడిపోయారు. వాళ్ల అవశేషాలు 1861లో బోసోన్ దిగువన తేలాయి. విమాన శకలాలదీ అదే ప్రయాణం. ఏదైనా కంటబడినా జేబులో వేసుకోకూడదు. 2013లో రత్నాల పెట్టె దొరికిన పర్వతారోహకుడు దాన్ని పోలీసులకే అప్పగించాడు. 2021లో గాని పంపకం తేలలేదు, సగం అతనికి, సగం షామొనీ పురపాలికకు.

నెమ్మదినడక
ఈ విషయంలో రాతిమెట్లు గారితో నాకు పేచీ లేదు. పేచీ అంతా "వెళ్లాల్సిందే" అన్న మాటతోనే. ల మోం నుంచి విడిదికి సుమారు 700 మీటర్ల ఎక్కుడు, విడిది నుంచి పైకి దాదాపు మరో 700. మొదటి సగానికే మూడు గంటలు పట్టినవాళ్లకు రెండో సగం అంతకన్నా తక్కువలో అవుతుందా? విడిది దగ్గర గడియారం చూసుకుని నిర్ణయించుకోండి, ఇంట్లో కూర్చుని కాదు.

కొండగాలి
మరి విడిది దగ్గర బృందాన్ని రెండుగా చేస్తే?

నెమ్మదినడక
చేయండి. కానీ పైకి వెళ్లేవాళ్లు ఒంటరిగా వెళ్లకూడదు. ఎన్ని గంటలకు వెనుదిరుగుతారో ఆగేవాళ్లకు ముందే చెప్పాలి, చెప్పిన వేళకు ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి.

రాతిమెట్లు
వెనుదిరిగే ఆ వేళను మరీ తొందరగా పెట్టకండి మరి. తెల్లవారగానే బయలుదేరితే సరిపోయేదానికి, తొమ్మిదింటికి ఫలహారం చేసి కదిలి కొండను తిట్టేవాళ్లే ఎక్కువ.