ఎలా చేస్తుందో రాయకుండా ఏం చేస్తుందో రాస్తే పేటెంట్ క్లెయిమ్ నిలబడుతుందా?

చిత్తుప్రతి: అమెరికా పేటెంట్ దరఖాస్తు ఒకటి రాశాను. క్లెయిమ్‌లో (దేనిమీద హక్కు అడుగుతున్నామో చెప్పే వాక్యం) "అనుమానాస్పద లావాదేవీలను గుర్తించే మాడ్యూల్" అని పెట్టాను. స్పెసిఫికేషన్‌లో (ఆవిష్కరణను వివరించే భాగం) ప్రాసెసర్, మెమరీ, వాటి పక్కన ఆ మాడ్యూల్ పేరు రాసిన ఒక డబ్బా బొమ్మ. మా సీనియర్ చూసి "ఇది 112(ఎఫ్) కిందికి పోతుంది, అల్గారిథమ్ (పని జరిగే అంచెల వరస) ఏదీ?" అన్నారు. 112(ఎఫ్) అంటే, నిర్మాణం చెప్పకుండా చేసే పనితోనే రాసిన క్లెయిమ్‌కు వర్తించే అమెరికా పేటెంట్ చట్టం సెక్షన్. నేను "మీన్స్" (సాధనం) అన్న మాటే వాడలేదు, పైగా పని తెలిసిన ప్రోగ్రామర్ ఎవరైనా ఇది రాసేస్తాడు. అంత టెన్షన్ పడాలా?

గీతలగది: పడాలండీ. "మీన్స్" లేకపోతే 112(ఎఫ్) రాదన్న ధీమా 2015లో విలియమ్సన్ వర్సెస్ సిట్రిక్స్ తీర్పుతో పోయింది, అక్కడ దెబ్బతిన్నది సరిగ్గా మీరు వాడిన "మాడ్యూల్" అన్న మాటే. అసలు ఆ సెక్షన్ ఒక బేరం. 1946లో హాలిబర్టన్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి క్లెయిమ్‌ను కొట్టేసింది. 1952 చట్టం మళ్ళీ ఒప్పుకుంది గానీ, స్పెసిఫికేషన్‌లో చూపిన నిర్మాణానికీ దానికి సమానమైనవాటికే హక్కు అని షరతు పెట్టింది. సాఫ్ట్‌వేర్‌లో నిర్మాణమంటే ఉత్త కంప్యూటర్ కాదు, ఆ పని చేయించే అల్గారిథమ్. "తగిన ప్రోగ్రామింగ్‌తో" అని రాసి ఊరుకుంటే చాలదని 2008లో అరిస్టోక్రాట్ కేసులో తేల్చేశారు.

రాత్రికోడర్: అంటే కోడ్ మొత్తం రాసి ఇమ్మంటారా? మేం రోజూ ఫంక్షన్ పేర్లతోనే మాట్లాడుకుంటాం, వినేవాడికి అర్థమవుతుంది కూడా. తెలిసినవాడికి తెలిసిన సంగతి మళ్ళీ రాయమనడం లాయర్లకు పని కల్పించడమే.

గీతలగది: కోడ్ ఎవరూ అడగలేదు. మామూలు వాక్యాల్లో చెప్పినా, సూత్రంగా ఇచ్చినా, ఫ్లోచార్ట్ గీసినా సరేనని ఫినిసార్ తీర్పు (అదీ 2008లోదే) చెప్పింది. మీరు రెండు ప్రశ్నలు కలిపేస్తున్నారు. చదివి తయారుచేయగలరా అన్నది ఒకటి. మీరు దేనిమీద హక్కు అడుగుతున్నారో కాగితం మీద ఉందా అన్నది వేరు. రెండోదానికి ప్రోగ్రామర్ తెలివి అరువు తెచ్చుకోలేం. 2012లో నోవా (Noah) సిస్టమ్స్ కేసులో రెండు పనుల్లో ఒకదానికే అల్గారిథమ్ చూపితే, అసలేమీ చూపనట్టే లెక్కగట్టారు, నిపుణుడి సాక్ష్యం కూడా ఆదుకోలేదు.

రాత్రికోడర్: మరి 2011లో కాట్జ్ కేసులో "ప్రాసెసింగ్", "స్టోరింగ్" లాంటివాటికి మామూలు కంప్యూటర్ చాలన్నారే? 2022లో డైఫాన్ కేసులో "కోడ్" అన్న మాటకు 112(ఎఫ్) వర్తించదన్నారు. "మాడ్యూల్" అంటే తప్పు, "కోడ్" అంటే ఒప్పు! ఇది న్యాయమా, పదాల ఆటా?

గీతలగది: పదాల దగ్గర గజిబిజి ఉందని నేనూ ఒప్పుకుంటా. డైఫాన్‌లో ఆ మాటలు ప్రోగ్రామర్లకు ఏ అర్థమిస్తాయో సాక్ష్యం ఉంది, అది కలిసొచ్చింది. కాట్జ్ మినహాయింపు ఏ కంప్యూటరైనా చేసే పనులకే. అనుమానాస్పద లావాదేవీని పట్టడం ఆ కోవలోకి రాదు. ఏ సంకేతాలు చూస్తుంది, ఎలా తూకం వేస్తుంది, ఏ హద్దు దాటితే ఆపుతుంది? ఈ మూడూ వరసగా రాస్తే అర పేజీ.

చిత్తుప్రతి: రాసేవాణ్ణే. కానీ ఫైల్ చేసి నెల అయింది, ఇప్పుడు కలపొచ్చా?

గీతలగది: దాంట్లో కలపలేరు, కొత్త విషయం చేర్చనివ్వరు. మీరు వేసింది ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) అయితే 12 నెలల్లోపు అసలు దరఖాస్తులో అల్గారిథమ్ పెట్టండి, ఆ అల్గారిథమ్‌కు మాత్రం అసలు దరఖాస్తు వేసిన రోజు తేదీయే వస్తుంది. ఈలోగా ఎవరికీ డెమో ఇవ్వకండి.