మంచి పుస్తకం ఎక్కడ వెతకాలి? ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదా, ఫోన్‌లోనా?

తార్నాక_అమ్మ:
మొన్న మా పాపని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లాను. ముసుగు రెబెకా ముందు నుంచి కదల్లేదు. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ అని చెప్తే, "మరి రాయిలోంచి ముఖం ఎలా కనిపిస్తోంది?" అంది. నా దగ్గర జవాబు లేదు. తొమ్మిదేళ్ల పిల్లకి శిల్పాలు, బొమ్మల చరిత్ర చెప్పే తెలుగు పుస్తకం ఉందా? కొన్ని మంచి కథలు, నాకో ఆత్మకథ కూడా చెప్పండి. ఫోన్‌లో వెతికితే ఎప్పుడూ అవే పది పుస్తకాలు వస్తున్నాయి.

పాతపుస్తకాల_రావు:
అమ్మా, ఫోన్ పక్కన పెట్టి ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ రండి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు. నలభై ఏళ్లుగా వెళ్తున్నాను. ఒకసారి అట్ట ఊడిన రష్యన్ పిల్లల పుస్తకం దొరికింది. ఎలుగుబంటికి ఎవరో పిల్లాడు నీలం పెన్సిల్‌తో మీసాలు దిద్దాడు. ఇవి తెలుగులోకి ఎవరు తెచ్చారా అని ఆరా తీస్తే, మాస్కోలో ఉండి అనువాదాలు చేసిన ఉప్పల లక్ష్మణరావు పేరు తగిలింది. ఆయన స్వీయచరిత్ర 'బతుకు పుస్తకం' అలా నా చేతికొచ్చింది. పిల్లల కథే ఆత్మకథకి దారి చూపింది. ఇక కళ అంటారా, కళావిమర్శకుడు సంజీవదేవ్ ఆత్మకథ 'తెగిన జ్ఞాపకాలు' చదవండి. తుమ్మపూడి నుంచి హిమాలయాల దాకా వెళ్లి, కులూలో రష్యన్ చిత్రకారుడు రోరిక్ కుటుంబంతో గడిపిన మనిషి.

మెహదీపట్నం_కిరణ్:
రావుగారూ, ఆవిడ కళాచరిత్ర అడిగితే మీరు ఆత్మకథ చేతిలో పెట్టారు.

పాతపుస్తకాల_రావు:
బొమ్మని చూడ్డం నేర్చుకున్న మనిషి జీవితం చదివితే మనకూ చూడ్డం వస్తుంది.

మెహదీపట్నం_కిరణ్:
వస్తుందేమో. కానీ అది చరిత్ర కాదు. ఏ కాలం, ఏ శైలి, దేని తర్వాత ఏది అన్నది ఉండాలి.

చిక్కడపల్లి_పాఠకుడు:
సుల్తాన్ బజార్‌లో భాషా నిలయం లైబ్రరీ ఉంది కదా, 1901 నాటిది. అక్కడ అడిగారా?

మెహదీపట్నం_కిరణ్:
లైబ్రరీల మాట ఎత్తకండి. ఒక లైబ్రరీలో సభ్యత్వానికి నన్ను మూడుసార్లు తిప్పారు. కార్డు చేతికొచ్చాక చూస్తే, కళల పుస్తకాల బీరువా తాళం ఉన్నాయన సెలవులో ఉన్నాడు. ఆ రోజు నుంచి అన్నీ ఆన్‌లైన్‌లోనే కొంటున్నాను.

పాతపుస్తకాల_రావు:
ఒక్క తాళం దొరకలేదని మానేస్తారా? ఇప్పటివాళ్లకి ఓపిక లేదు. ఒళ్లు వంచి వెతికినవాళ్లకే మంచి పుస్తకం దొరుకుతుంది.

తార్నాక_అమ్మ:
ఓపిక మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఆదివారం నాకు వారం బట్టలు, అత్తగారి మందులు, సోమవారానికి ఇడ్లీ పిండి. నలభై ఏళ్లు మీరు ఆబిడ్స్‌లో ఉన్న ఆదివారాల్లో మీ ఇంట్లో వంట ఎవరు చేశారు? ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడుగుతున్నాను. మా నాన్న కూడా సంచి నిండా పుస్తకాలు తెచ్చేవారు. అమ్మకి చదువంటే ప్రాణం. కానీ ఆ ఫుట్‌పాత్ ఎలా ఉంటుందో చూడకుండానే పోయింది. నాన్న తెచ్చినవే చదివింది. నీకేం కావాలని ఆమెని ఎవరూ అడగలేదు.

మెహదీపట్నం_కిరణ్:
నేను చెప్పేదీ అదే. ఆన్‌లైన్ అయితే ఈ బాధ ఉండదు.

తార్నాక_అమ్మ:
కిరణ్ గారూ, చరిత్ర అంటే ఏమిటో మీరు చెప్పారు, ఓపిక అంటే ఏమిటో ఆయన చెప్పారు. మా పాప ప్రశ్న అలాగే ఉంది.

మట్టిచేతులు:
మేడమ్, నేను శిల్పం నేర్చుకుంటున్నాను. రాయిలోంచి ఏమీ కనిపించదు. ముసుగు ముఖానికి అంటుకున్నట్టు అనిపించే చోట ముక్కు, పెదవుల ఆకారమే మెత్తగా చెక్కుతారు. దాని మీదుగా సన్నటి మడతలు, పక్కన లోతైన మడతలు తీస్తారు. మడతల్లో నీడ పడుతుంది, దాన్ని చూసి మన కన్ను బట్ట అనుకుంటుంది. తడిపిన చేతిరుమాలు ఒక బొమ్మ ముఖం మీద కప్పి, పక్కనుంచి టార్చి వేసి పాపకి చూపించండి.

తార్నాక_అమ్మ:
ఈ రాత్రే చేస్తాం.

పాతపుస్తకాల_రావు:
వంట మా ఆవిడే చేసిందమ్మా. నేనూ ఎప్పుడూ అడగలేదు. సంజీవదేవ్ మాట మాత్రం వెనక్కి తీసుకోను. పాపకి ఎలాంటి కథలు ఇష్టమో రాయండి. ఆదివారం దొరికినవన్నీ ఫొటోలు తీసి పెడతాను, ఎంచుకోవడం మీ ఇద్దరిదీ.

తార్నాక_అమ్మ:
దెయ్యాల కథలు. అట్టతో పాటు లోపలి పేజీ కూడా ఫొటో తీయండి.