తొలిదశ ప్రొస్టేట్ క్యాన్సర్: రేడియేషన్ ఐదు సిట్టింగులా, ఇరవై సిట్టింగులా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 69 ఏళ్లు. పి.ఎస్.ఏ. రక్తపరీక్షలో 8 వచ్చింది, బయాప్సీలో గ్లీసన్ స్కోరు (క్యాన్సర్ కణాల తీవ్రతను చెప్పేది) 3+4 అనీ, వ్యాధి గ్రంథి దాటలేదనీ తేలింది. ఆపరేషన్ ఆయనకు ఇష్టం లేదు. ఒక డాక్టరుగారు ఇరవై సిట్టింగుల రేడియేషన్ అన్నారు, మరొకరు ఐదింటితో ముగిసే ఎస్.బి.ఆర్.టి. (గురి చూసి పెద్ద మోతాదులలో ఇచ్చే రేడియేషన్) అన్నారు. సిట్టింగులు తగ్గితే వైద్యం కూడా తగ్గినట్టేనా అని నాన్నగారు దిగులు పడుతున్నారు.

సమాధానం 1:
తగ్గినట్టు కాదండీ, సిట్టింగులు తగ్గినప్పుడు ఒక్కోసారి ఇచ్చే మోతాదు పెరుగుతుంది. ప్రొస్టేట్ క్యాన్సర్ చాలావరకు నెమ్మదిగా పెరిగేది కనుక, చిన్న మోతాదులు ఎక్కువసార్లు ఇవ్వడం కన్నా పెద్ద మోతాదులు కొద్దిసార్లు ఇస్తే బాగా లొంగుతుందని రేడియేషన్ నిపుణులు భావిస్తారు. బ్రిటన్‌లో జరిగిన చిప్ పరిశోధన, 37 సిట్టింగులలో 74 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) ఇచ్చినా, 20 సిట్టింగులలో 60 గ్రేలు ఇచ్చినా వ్యాధి అదుపులో తేడా లేదని 2016లో చూపింది. 2024లో వెలువడిన పేస్-బి అనే మరో పరిశోధన ఫలితాలలో, ఐదు సిట్టింగులలో 36.25 గ్రేలు తీసుకున్నవారిలో ఐదేళ్లకు సుమారు 96 శాతం మందికి వ్యాధి తిరగబెట్టలేదు. ఎక్కువ సిట్టింగులవారిలో అది దాదాపు 95 శాతం. అందులో చేరినవారు మీ నాన్నగారి వంటి గ్లీసన్ 3+4 వరకు ఉన్నవారే. అయితే మూత్రసంబంధమైన ఇబ్బందులు ఐదు సిట్టింగులవారిలో కొంత ఎక్కువగా కనిపించాయి కనుక, ఆ మాట డాక్టరుగారితో తప్పక ప్రస్తావించండి.

సమాధానం 2:
బ్రాకీథెరపీ, అంటే గ్రంథి లోపలి నుంచే ఇచ్చే రేడియేషన్ గురించి కూడా అడగండి. బియ్యపుగింజంత అయోడిన్-125 గుళికలను గ్రంథిలోనే శాశ్వతంగా ఉంచుతారు, లేదా ఇరిడియం మూలకాన్ని సూదుల ద్వారా కాసేపు పంపి వెనక్కి తీస్తారు. గ్రంథి బాగా పెద్దదైనా, మూత్రధార ఇప్పటికే సన్నగా వస్తున్నా ఇది అంతగా నప్పదు.

సమాధానం 3:
తొందరపడవద్దని నా మనవి. బ్రిటన్‌లోనే జరిగిన ప్రొటెక్ట్ పరిశోధనలో వెంటనే వైద్యం లేకుండా పరీక్షలతో గమనింపులో ఉన్నవారు, ఆపరేషన్ చేయించుకున్నవారు, రేడియేషన్ తీసుకున్నవారు, ఏ బృందంలో చూసినా పదిహేనేళ్లలో ఈ క్యాన్సర్‌తో మరణించినవారు సుమారు 2 నుంచి 3 శాతమే. నిర్ణయానికి కొన్ని వారాలు తీసుకున్నా నష్టం ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆయన రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తారు. ఇది ముఖ్యమా?

సమాధానం 1:
చాలా ముఖ్యం. ముందుగా యూరాలజిస్టు వద్ద యూరోఫ్లో (మూత్రధార వేగాన్ని కొలిచే) పరీక్ష, గ్రంథి పరిమాణం చూపించండి. అడ్డంకి ఎక్కువగా ఉంటే దానికి వైద్యం జరిగాకే సిట్టింగుల సంఖ్య తేల్చుకోవడం మంచిది.