ఇంటి కంప్యూటర్‌కు యాంటీవైరస్ కొనాల్సిందేనా?

సుబేదారి నాన్న
మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. రెండేళ్ల కిందట హనుమకొండలో ఒక దుకాణంలో పాత డెస్క్‌టాప్ కొన్నాను. విండోస్ 10 ఎక్కించి, ఏడాదికి సరిపడా యాంటీవైరస్ కూడా వేసి ఇచ్చారు. నిరుడు డబ్బు కట్టి పొడిగించాను. ఈ నెలాఖరుకు మళ్లీ గడువు. వారం రోజులుగా తెర కుడి మూలన ఎర్ర పెట్టె ఒకటి వచ్చి, "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే రెన్యూ చేయండి" అంటోంది. దుకాణదారు ఈసారి ఏకంగా మూడేళ్లకు తీసుకోమంటున్నాడు. పక్కింటి అబ్బాయి మాత్రం అదంతా దండగ, విండోస్‌లో ఉన్నదే చాలంటాడు. ఎవరి మాట వినాలి? అందులో అమ్మాయి నోట్సు, మా నాన్నగారి ఫొటోలు, భూమి పాసుపుస్తకాల స్కాన్లు ఉన్నాయి. పోతే మళ్లీ దొరికేవి కావు.

కాజీపేట జంక్షన్
పక్కింటి అబ్బాయి మాటే వినండి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌లోనే ఉంటోంది. మొదట్లో అది నాసిరకమే, కాదనను. ఇప్పుడు జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ పరీక్షల్లో డబ్బు పెట్టి కొనేవాటి సరసనే నిలుస్తోంది. ఇంకొక యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. దాన్ని తీసేస్తే తనంతట తానే మళ్లీ పనిలోకి దిగుతుంది. అంటే మీరు ఏటా డబ్బు కట్టి ఒక కాపలాదారును నిద్రపుచ్చి మరొకరిని కూర్చోబెడుతున్నారు.

ఉచితంగా దొరికేవాటి జోలికీ పోకండి. అవాస్ట్ సంగతి తెలుసు కదా. జనం ఏ వెబ్‌సైట్లు చూస్తున్నారో సేకరించి అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకున్నందుకు 2024లో అమెరికా వాణిజ్య కమిషన్ 1 కోటి 65 లక్షల డాలర్లు కట్టించింది. గూఢచారి సాఫ్ట్‌వేర్ రాకుండా చూడమని పెట్టుకున్న కంచె చేసిన మేత అది.

పరకాల డీటీపీ
జంక్షన్ అన్నా, మీరు ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని చెబుతున్నారు. నా దుకాణానికి వచ్చి ఒక పూట కూర్చోండి. దరఖాస్తులనీ, పెళ్లి కార్డులనీ, ప్రాజెక్టు రిపోర్టులనీ రోజుకు నలభై పెన్‌డ్రైవ్‌లు వస్తాయి. పదింటిలో ఒకదానిలోనైనా ఆ షార్ట్‌కట్ వైరస్ ఉంటుంది. అసలు ఫోల్డర్‌ను దాచేసి, అదే పేరుతో, అదే పసుపు బొమ్మతో ఒక షార్ట్‌కట్ పెడుతుంది. దాని మూలన చిన్న బాణం గుర్తు తప్ప ఏ తేడా ఉండదు. నొక్కితే ఫోల్డర్ తెరుచుకుంటుంది, వెనకాల వైరస్ కూడా లేచి కూర్చుంటుంది. ఫోల్డర్ తెరుచుకుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అదే పెన్‌డ్రైవ్ సాయంత్రం ఇంటికి వెళ్తుంది.

డబ్బు పెట్టి కొన్న నా యాంటీవైరస్ దాన్ని గుచ్చిన క్షణంలోనే పట్టేస్తుంది. డిఫెండర్ ఎక్కువగా నెట్ మీద ఆధారపడుతుందని, నెట్ లేనప్పుడు దాని చూపు మందగిస్తుందని పరీక్షల్లోనే తేలింది. మా వైపు గాలివాన వస్తే నెట్ ఎన్ని గంటలు ఉండదో మీకు తెలియదా? నాన్నగారూ, కొనండి. ఏడాదికి అయ్యే ఖర్చు ఒక నెల టీ ఖర్చు.

హుజూరాబాద్ క్యాషియర్ (రిటైర్డ్)
కొనడం, కొనకపోవడం తర్వాత చూద్దాం. నాన్నగారూ, ఆ ఎర్ర పెట్టె అడుగున సన్నటి అక్షరాల్లో ఏమని ఉందో చదివి చెప్పండి. బ్రౌజర్ తెరిచినప్పుడే వస్తోందా, ఎప్పుడూ వస్తోందా?

సుబేదారి నాన్న
ఇప్పుడే చూశాను సార్. బ్రౌజర్ తెరిచినప్పుడే వస్తోంది. అడుగున ఏదో వెబ్‌సైట్ పేరుంది. మా యాంటీవైరస్ పేరు కాదు. బొమ్మ మాత్రం అచ్చం దానిదే.

హుజూరాబాద్ క్యాషియర్ (రిటైర్డ్)
అనుకున్నాను. అది యాంటీవైరస్ పెట్టె కాదు, వైరస్ చూపించే పెట్టె కూడా కాదు. ఏదో వెబ్‌సైట్ "నోటిఫికేషన్లు పంపవచ్చా" అని అడిగితే ఎవరో "అనుమతించు" నొక్కారు. అమ్మాయి పాత ప్రశ్నపత్రాల కోసం వెతికి ఉంటుంది, తిట్టకండి. బ్రౌజర్ సెట్టింగులలో నోటిఫికేషన్ల జాబితా తెరిచి ఆ పేరు తీసేస్తే ఆ అయిదు వైరస్‌లూ మాయమవుతాయి. దాన్ని నొక్కి ఎక్కడా కార్డు నంబరు ఇవ్వలేదు కదా?

నా సర్వీసులో, ఆ తర్వాత చుట్టుపక్కల చూసిన మోసాల్లో చాలావాటిలో అసలు వైరసే లేదు. ఇలాంటి పెట్టెలో ఒక ఫోన్ నంబరు ఉంటుంది. చేస్తే, తీయగా మాట్లాడి, దూరం నుంచి కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి మన చేతే వేయిస్తారు. అది నిజమైన కంపెనీ తయారు చేసిన సాఫ్ట్‌వేరే, ఆఫీసుల్లో వాడేదే. దాన్ని ఏ యాంటీవైరస్ ఎందుకు ఆపుతుంది? ఓటీపీ మనమే చదివి చెబుతాం. డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. వెంటనే చెబితే అవతలి ఖాతాలో సొమ్ము ఆపించే వీలుంటుంది. సిగ్గుపడి రెండు రోజులు దాచుకున్న వాళ్ల డబ్బు తిరిగి రావడం నేను చూడలేదు.

సుబేదారి నాన్న
తీసేశాను, పెట్టె పోయింది. నంబరు ఎక్కడా ఇవ్వలేదు, బతికిపోయాం. కానీ గడువు తీరుతున్న మాట నిజమే కదా. కొనాలా వద్దా?

కాజీపేట జంక్షన్
దానికి ముందు ఒక ప్రశ్న. నాన్నగారినీ, పరకాల అన్ననూ ఇద్దరినీ అడుగుతున్నాను. మీ విండోస్ కొన్నదేనా, కొనకుండానే కొన్నట్టు నడిపించే యాక్టివేటర్ అనే ప్రోగ్రామ్‌తో నడిపిస్తున్నదా?

పరకాల డీటీపీ
నాది విండోస్ 7. కార్డులు కూర్చే పాత పేజ్‌మేకర్, తెలుగు టైపుకు పాత అను ఫాంట్లు అందులోనే ఇబ్బంది లేకుండా నడుస్తాయి. ఇరవై ఏళ్ల పెళ్లి కార్డుల ఫైళ్లన్నీ అందులోనివే. ఇప్పటి టైపు పద్ధతి యూనికోడ్‌కు మారమని ఉపన్యాసం మొదలుపెట్టకండి. కొన్నదా అంటే… ఈ జిల్లాలో ఎంతమంది కొన్నారో మీరే చెప్పండి.

కాజీపేట జంక్షన్
మిమ్మల్ని పట్టించడానికి అడగలేదన్నా. ఆ యాక్టివేటర్‌తో పాటు వచ్చే కాగితం లాంటి ఫైలు ఎప్పుడైనా చదివారా? మొదటి వాక్యమే "ముందు యాంటీవైరస్ ఆపండి" అని ఉంటుంది. ఏ వైరస్ తయారీదారుకైనా ఇంతకన్నా ఏం కావాలి? వేల రూపాయల యాంటీవైరస్‌ను మన చేత్తోనే ఆపి, ఊరూ పేరూ తెలియనివాడు రాసిన ప్రోగ్రామ్‌కు పూర్తి అధికారం ఇచ్చి నడుపుతాం. అన్ని యాక్టివేటర్లలోనూ వైరస్ ఉండదు. ఉన్నది ఏదో, లేనిది ఏదో తెలుసుకునే దారి మనకు లేదు.

ఇక విండోస్ 7కు మామూలు భద్రతా మరమ్మతులు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. వాన్నాక్రై గుర్తుందా? 2017 మే 12న మొదలై దాదాపు 150 దేశాల్లో ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. అది దూరిన రంధ్రాన్ని పూడ్చే మరమ్మతు ఆ ఏడాది మార్చి 14నే వచ్చింది. రెండు నెలలు వేసుకోనివాళ్లే మునిగారు. మీ దగ్గర యాంటీవైరస్ తాళం గట్టిదే, కానీ తలుపుకు గొళ్లెమే లేదు.

మంచిర్యాల టీచర్
మా ఇంట్లో ఇద్దరు మగపిల్లలు. ఆటల్లో గెలిపించే ప్రోగ్రామ్‌లంటూ ఏవేవో దింపుకుంటారు. రోజూ వాడుకోవడానికి వాళ్లకు మామూలు ఖాతా ఇచ్చి, పూర్తి అధికారం ఉండే అడ్మిన్ ఖాతా పాస్‌వర్డ్ నా దగ్గర పెట్టుకున్నాను. ఏది వేయాలన్నా నన్ను పిలవాల్సిందే. ఫైళ్ల పేర్ల చివర ఉండే తోక కూడా కనబడేలా పెట్టాను. విండోస్ మామూలుగా దాన్ని దాచేస్తుంది. పీడీఎఫ్ అనుకున్న దాని చివర ప్రోగ్రామ్‌లకు ఉండే ఈఎక్స్‌ఈ ఉండటం పెద్దవాడే కనిపెట్టి నాకు చూపించాడు. పైసా ఖర్చు లేదు.

సుబేదారి నాన్న
నిన్న రాత్రి ఒక పని చేశాను. ఎలాగూ గడువు తీరిపోతోంది కదా అని ఆ యాంటీవైరస్ తీసేశాను. జంక్షన్ గారు చెప్పినట్టే డిఫెండర్ లేచింది. సెట్టింగులన్నీ చూస్తుంటే "ఎక్స్‌క్లూజన్స్" అనే చోట రెండు వరుసలు కనిపించాయి. ఒకటి ఏదో ఫోల్డర్. రెండోది ఒట్టి "సి" అనే అక్షరం, పక్కన రెండు చుక్కలు, ఒక గీత. దాని అర్థమేమిటి?

కాజీపేట జంక్షన్
సి డ్రైవ్ మొత్తాన్ని తనిఖీ చేయవద్దని డిఫెండర్‌కు చెప్పి పెట్టారని అర్థం. యాక్టివేటర్ ఆగిపోకుండా ఉండటానికి ఎవరో చేసిన పని. లేదా ఆ యాక్టివేటరే చేసుకుంది. దుకాణదారు కావాలని చేశాడని అనను, అందరికీ అలవాటుగా అలాగే వేస్తుంటాడు. మీరు మూడేళ్లదీ కొనక, ఆ రెండు వరుసలూ చూడక, డిఫెండర్ ఉంది కదా అని కూర్చుని ఉంటే నా సలహా మిమ్మల్ని ముంచేది. అంత మాట ఒప్పుకుంటాను.

రెండూ తీసేసి, డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. కంప్యూటర్ ఆగి, విండోస్ లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి కూడా దొరుకుతాయి. అయినా నన్నడిగితే ఫైళ్లు బయటకు తీసుకుని విండోస్ కొత్తగా వేయించడమే మేలు. విండోస్ 10కు మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగాయి. పేరు నమోదు చేసుకున్నవారికి మాత్రం 2026 అక్టోబరు 13 వరకు ఇస్తామన్నారు. పాత యంత్రం విండోస్ 11కు సరిపడకపోతే, చదువుకు, నెట్‌కు విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ చాలు.

పరకాల డీటీపీ
చూశారా, డిఫెండర్‌కు కళ్లకు గంతలు కట్టడం ఎంత సులువో! నేను కొనమన్నది అందుకే.

కాజీపేట జంక్షన్
అడ్మిన్ అధికారం చేతికొస్తే మీ దానికి కూడా ఇలాగే గంతలు కట్టవచ్చన్నా.

హుజూరాబాద్ క్యాషియర్ (రిటైర్డ్)
మీ ఇద్దరి పోరు ఇప్పట్లో తెగదు. నాన్నగారూ, ఆ మూడేళ్ల డబ్బుకు ఇంకొంత కలిపి బయటి హార్డ్‌డిస్క్ ఒకటి కొనండి. ఫొటోలు, స్కాన్లు, నోట్సు అందులోకి ఎక్కించి, తీగ పీకి బీరువాలో పెట్టండి. తీగ తగిలించే ఉంచితే ఫైళ్లకు తాళం వేసే వైరస్ దానికీ వేస్తుంది. అందుకని పీకమంటున్నాను.

పరకాల డీటీపీ
ఈ మాట మాత్రం నాకు నాలుగేళ్ల ముందు చెప్పాల్సింది సార్. ఒకసారి పెళ్లిళ్ల సీజన్‌లో నా ఫైళ్లన్నిటి చివర తెలియని తోక ఒకటి మొలిచింది. డబ్బు కట్టలేదు, ఫైళ్లు రాలేదు. పాత కార్డుల ప్రింట్లు ముందు పెట్టుకుని నెల రోజులు మళ్లీ టైపు చేశాను. ఆ తర్వాతే యాంటీవైరస్ కొన్నాను. అందుకే నాకు దాని మీద అంత నమ్మకం, ఏమనుకున్నా సరే. దుకాణం కంప్యూటర్‌కు నెట్ తీసేసి, నెట్ పనులకు వేరేది పెడదామని మాత్రం ఆలోచిస్తున్నాను.

సుబేదారి నాన్న
స్కాన్‌లో మూడు దొరికాయి. అందులో ఒకటి పాస్‌వర్డ్‌లు దొంగిలించే రకమట. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లన్నీ ఫోను నుంచి మార్చాను. దుకాణదారును అడిగితే "అవన్నీ మీరెందుకు తెరిచారు సార్" అన్నాడు. డిస్క్ తెచ్చాను. స్కాన్ అయినవి, ఒక్క ప్రోగ్రామ్ కూడా లేకుండా, ఫొటోలు, నోట్సు, పాసుపుస్తకాలు మాత్రం ఎక్కిస్తున్నాను. నాన్నగారి మేడారం ఫొటోల దగ్గర అమ్మాయి ఆగిపోయి ఒక్కొక్కటే తెరిచి చూస్తోంది. ఈ రాత్రికి అయ్యేలా లేదు.